ఇన్స్పెక్టరమ్మ ఒడ్డుకు దిగిన రోజు

ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళో హోటళ్ళ వంటిళ్ళలో తల దూర్చి వాసన చూసిన మనిషి విహారానికని ఓడ ఎక్కితే ఆ విహారం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇన్స్పెక్టరమ్మకు మొదటి పూటే భోజనాల హాల్లో సూపు గిన్నె కనబడింది. గరిటె కాడతో సహా సూపులో మునిగి ఉంది. వచ్చినవాడల్లా అందులో వేళ్ళు ముంచి గరిటె పైకి లాగడం, వడ్డించుకోవడం, మళ్ళీ అందులోనే పడేయడం. రెండో పూట సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన రొట్టెను చేత్తో నొక్కి చూసి, నచ్చక, పక్కదాన్ని నొక్కి, అదీ నచ్చక, రెంటినీ బుట్టలో పెట్టేసి పోయాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. రిటైరై ఏడాదయింది కాబట్టి ఊరుకుంది గానీ, లేకపోతే ఆ హాలుకు అప్పటికప్పుడు తాళం పడేది.

అయిదో రోజు పొద్దున్న అయిదున్నరకు ఆవిడకు వాంతి అయింది. ఆరింటికి మళ్ళీ అయింది.

ఇది ఏ రోగమో ఆవిడను అడిగితే నిద్రలో కూడా చెబుతుంది. ఒకరి చేతి నుంచి తలుపు పిడికి, పిడి నుంచి ఇంకొకరి చేతికి, అక్కడి నుంచి నోటికి పాకే రోగం. వాంతులు ఆగాక కూడా రెండు రోజులు ఆ మనిషి ఎవరి తిండినీ, ఎవరి పిల్లల్నీ ముట్టుకోకూడదు. ఓడలోనూ అదే రూలు: ఇలా అయితే డాక్టరుకు చెప్పాలి, చెబితే రెండు రోజులు గదిలోంచి కదలనివ్వరు. పక్క మంచం మీద ఆవిడ భర్త, బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మాస్టారు, గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఆవిడ చప్పుడు కాకుండా సబ్బు నీళ్ళతో బాత్రూము కడిగింది, మొహం తుడుచుకుంది, మంచి చీర కట్టుకుంది.

ఎందుకంటే ఓడ ఆ రోజు ఆగేది దక్షిణాన ఉన్న ఆ రేవు పట్నంలో. అసలు ఓడ ఎక్కిందే ఆ ఒక్క రేవు కోసం. ఉన్న ఒక్క కూతురు అక్కడ ఉంది. ఆ కూతురు తల్లితో మాట్లాడి నాలుగేళ్ళయింది.

జరిగింది ఇదీ. కూతురు ఒక వంటాయన్ని ఇష్టపడింది. ఆయనకు ఊళ్ళోనే చిన్న భోజనశాల ఉండేది. ఒకసారి అక్కడ తిన్న పదకొండు మందికి వాంతులు పట్టుకున్నాయి. ఇంకొకరిని పంపమని పై అధికారితో అనొచ్చు, కానీ తనిఖీకి ఈవిడే బయల్దేరింది. తీరా చూస్తే ముందురోజు రాత్రి ఆ వంటాయనకే వాంతి అయింది. ఏదో తిన్నది పడలేదనుకుని మర్నాడు మామూలుగా పొయ్యి వెలిగించాడు. తప్పు తప్పే, వారం రోజులు మూయించాల్సిన తప్పు. కానీ ఇన్స్పెక్టరమ్మ రిపోర్టులో "రోగం సంగతి తెలిసీ దాచాడు" అని రాసింది. ఆ మాటతో లైసెన్సే పోయింది. "ఆయన దాచలేదమ్మా, నువ్వు అడక్కముందే చెప్పాడు" అని కూతురు ఏడ్చింది. "నా సర్వీసులో నేను అబద్ధం రాయలేదు" అని తల్లి తేల్చేసింది. నాలుగేళ్ళుగా ఆ మాట అంటూనే ఉంది. ఎవరూ అడగకపోయినా అంటుంది.

వాళ్ళ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయిపోయింది. ఈవిడకు కబురు కూడా రాలేదు. ఇద్దరూ ఈ రేవు పట్నానికి వచ్చి మళ్ళీ ఒక చిన్న హోటలు పెట్టుకున్నారు. ఇప్పుడు బాబు పుట్టాడు, ఇరవై ఆరు రోజులు. మాస్టారు చాటుగా ఫోన్లు చేసి, బతిమాలి, కూతుర్ని ఒప్పించాడు. "సరే, మధ్యాహ్నం రెండింటికి రండి, గంటసేపు" అంది కూతురు. "కానీ ఒక్క మాట నాన్నా. అమ్మ నా ఇంట్లో ముక్కు చిట్లించినా, చెయ్యి వెనక్కి తీసుకున్నా, వచ్చిన దారినే పంపేస్తాను. మళ్ళీ జన్మలో పిలవను."

ఇది విన్న మనిషి గదిలో తలుపేసుకుని పడుకుంటుందా?

ఓడ దిగే చోట ఒక కాగితం ఇచ్చారు. గడచిన రెండు రోజుల్లో వాంతులు గానీ విరేచనాలు గానీ అయ్యాయా? అవును అని ఒక గడి, లేదు అని ఒక గడి. ఇన్స్పెక్టరమ్మ "లేదు" గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది. తన సంతకం కోసం ఎంతమంది హోటలు యజమానులు వణికేవారో, ఆ సంతకమే. చేతుల్లో ఏదో జెల్లు పోశారు. ఈ రోగానికి ఆ జెల్లు పనిచేయదనీ, సబ్బూ నీళ్ళే దిక్కనీ ఆ జెల్లు పోసేవాడికి తెలీదు, ఆవిడకు తెలుసు. అయినా శుభ్రంగా రుద్దుకుంది.

"మొహం పాలిపోయిందేమిటోయ్?" అన్నాడు మాస్టారు.

"సముద్రం పడట్లేదండీ. నేల మీదకెళ్తే అదే సర్దుకుంటుంది."

రెండింటి దాకా గడపాలి కాబట్టి, ఓడవాళ్ళు ఊరు చూపించడానికి పెట్టిన బస్సెక్కారు. అందులో ముప్పై ఇద్దరు. ఊరు చూపించే అమ్మాయి మూసిన గొడుగు ఒకటి జెండాలాగా పైకెత్తి పట్టుకుంది, అందుకని ఆ క్షణం నుంచి ఆమె అందరికీ గొడుగమ్మాయి. ఆ గొడుగమ్మాయి బొటనవేలు నాలుకకు తడుపుకుని, అంటించే నంబరు కాగితాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఒక్కొక్కరి గుండె మీద అతికించింది. ఇన్స్పెక్టరమ్మ గుండె మీద పద్దెనిమిది నంబరు, దాంతో పాటు గొడుగమ్మాయి ఉమ్మి. ఆవిడ కళ్ళు మూసుకుని కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దం మీద ఎవరిదో నుదుటి జిడ్డు మరక, అంతకుముందు రోజుదో ఆ ముందుదో.

ఊరు అందమైనదేనని అందరూ అన్నారు. ఇన్స్పెక్టరమ్మకు అందం కనబడలేదు. గొడుగమ్మాయి తెల్లటి మేడల గురించి చెబుతుంటే ఈవిడ వాటి కింద పొంగుతున్న మురుగు కాలువను చూసింది. పావురాలు భలే ఉన్నాయని అందరూ ఫోటోలు తీస్తుంటే, అవి ఐస్‌క్రీము బండి మూత మీద ఏం చేస్తున్నాయో చూసింది. ఆ మూతే తెరిచి బండివాడు ఐస్‌క్రీము తీశాడు. మన ఓడవాళ్ళు వరసలో నిలబడి మరీ కొనుక్కుని నాకారు. ముందు సీట్లో లావుపాటి ఆయన ఒకడు వడియాల ప్యాకెట్టు లాంటిదేదో ఒళ్ళో పెట్టుకుని, తిని, వేళ్ళు చప్పరించి, అదే చేత్తో బస్సు కమ్మీ పట్టుకుంటున్నాడు. దిగేటప్పుడు అందరూ ఆ కమ్మీయే పట్టుకుని దిగారు. ఛీ, మనుషులా వీళ్ళు! దేశాలు తిరగడానికి తీరిక ఉంది, చేతులు కడుక్కోవడానికి లేదు అని ఆవిడ లోపల్లోపల తిట్టుకుంది.

తరువాత రేవు గట్టు మీద ఒక కంచు బెస్తవాడి విగ్రహం దగ్గర ఆపారు. ఆ విగ్రహం ఒక చెయ్యి చాచి ఉంటుంది. దానితో కరచాలనం చేస్తే మళ్ళీ ఈ రేవుకు వస్తారట. ఎవడు పుట్టించిన మాటో గానీ, దాని వల్ల ఆ కంచు చెయ్యి అరిగి అరిగి బంగారంలా మెరుస్తోంది. ఒంటిమీద మిగతాదంతా నల్లగా చిలుం పట్టి ఉంది. మాస్టారు చెయ్యి కలిపి, వెంటనే జేబులోంచి బిస్కత్తు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏవండీ! ఆ చెయ్యి ఎన్ని వందల మంది పట్టుకుని ఉంటారో తెలుసా మీకు?"

"మళ్ళీ మళ్ళీ రావాలిగా మనం, మనవడి కోసం. నువ్వూ కలుపు."

వెనక నుంచి తోసుకొస్తున్నారు, గొడుగమ్మాయి త్వరగా త్వరగా అంటోంది. మళ్ళీ రావాలి అన్న మాటకు ఇన్స్పెక్టరమ్మ మనసు ఎందుకో మెత్తబడింది. చెయ్యి చాచి ఆ కంచు వేళ్ళను గట్టిగా పట్టుకుంది. చల్లగా, జిడ్డుగా, తడిగా ఉన్నాయి. వదిలి పక్కకు జరిగిందో లేదో, వెనకున్న తల్లి తన పాపను ఎత్తి ఆ చేతికి అందించింది. మూడేళ్ళుంటాయేమో. పాప రెండు చేతులతోనూ ఆ వేళ్ళు పట్టుకుని ఊపింది, నవ్వింది, తర్వాత బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

ఇన్స్పెక్టరమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అమ్మా, ముందు పిల్ల చేతులు కడగండి, సబ్బుతో కడగండి అనడానికి నోరు తెరిచింది. ఎందుకని వాళ్ళడిగితే? గొడుగమ్మాయి వింటే? ఇప్పుడే, ఇక్కడి నుంచే వెనక్కి ఓడకు పంపేస్తారు. నోరు మూసుకుంది. పాప వేలు చప్పరిస్తూ వాళ్ళమ్మ భుజం మీద నుంచి ఈవిడ వంకే చూస్తూ పోయింది.

పాత కోట దగ్గరకు వచ్చేసరికి పదకొండున్నర. మెట్లెక్కుతుంటే ఆవిడకు నోట్లో ఉప్పు నీళ్ళూరాయి. మరుగుదొడ్డి బోర్డు చూసి పరుగెత్తినంత పని చేసింది. అలాంటి మరుగుదొడ్డిని ఆవిడ సర్వీసులో చూసింది గానీ వాడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నేల మీద అడుగు వేస్తే చెప్పు అంటుకుంటోంది. గోడ మీద ఎవరివో వేలిముద్రలు, దేనితో వేసినవో ఆలోచించకూడదు. తలుపుకు గడియ లేదు, ఆవిడ ఒక చేత్తో తలుపు పట్టుకునే వాంతి చేసుకుంది. సగం బయట పడింది. కడుగుదామని కుళాయి తిప్పితే సన్నగా గాలి చప్పుడొచ్చింది తప్ప చుక్క నీరు రాలేదు.

బయటికి వచ్చేసరికి చీపురూ బకెట్టూ పట్టుకుని ఊడ్చే ఆవిడ ఎదురైంది. లోపలికి తొంగి చూసి, "అయ్యో రాత, పొద్దున్నే కదా కడిగిపోయాను. ఎవరమ్మా ఇది?" అంది.

"నాకేం తెలుసు? అలాగే ఉంది," అంది ఇన్స్పెక్టరమ్మ, తలెత్తకుండా.

వేరే ఎవరైనా ఆ మాట అని ఉంటే ఆవిడ అక్కడే నిలబెట్టి కడిగేసి ఉండేది. ఊడ్చే ఆవిడ వంగి ఉత్త చేతుల్తోనే ఎత్తసాగింది. చేతులకు తొడుగులు వేసుకోమ్మా, ఉత్తగా ముట్టుకోకు అని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. గొడుగు పైకి లేచింది, బస్సు బయల్దేరుతోంది. చెప్పకుండానే వెళ్ళి కూర్చుంది. దారి పొడుగునా ఊరినీ, ఓడనీ, లావుపాటి ఆయననీ తిట్టుకోవడానికి చూసింది గానీ తిట్టు నోటికి రాలేదు. తన చేతుల్ని చూసుకుంటే తనకే రోత పుట్టింది. ముట్టుకోను, దూరం నుంచే చూస్తాను, పిల్లాడి మొహం చూసి వచ్చేస్తాను అని ఒట్టు పెట్టుకుంది.

ఒకటిన్నరకు బస్సు బజారు దగ్గర దింపింది. మూడున్నరకల్లా మళ్ళీ అక్కడికే రావాలని గొడుగమ్మాయి మూడుసార్లు చెప్పింది. కూతురి హోటలు రెండు సందుల అవతలే. కింద హోటలు, పైన ఇల్లు. ఇన్స్పెక్టరమ్మ పిడి పట్టుకుని తలుపు తోసింది.

లోపల అయిదారుగురు తింటున్నారు. అలవాటు ఊరుకుంటుందా, ఆవిడ కళ్ళు నాలుగు మూలలూ చుట్టొచ్చాయి. చెత్తబుట్టలకు మూతలున్నాయి. మాంసం కోసే పలక వేరు, కూరగాయల పలక వేరు. డబ్బాల మీద తేదీలు రాసిన కాగితాలు. తలుపు పక్కనే చేతులు కడుక్కునే తొట్టి, సబ్బు, తుడుచుకోవడానికి కాగితం. ఈ అయిదు రోజుల విహారంలోనే కాదు, తన సర్వీసు మొత్తంలో ఇంత శుభ్రమైన చిన్న హోటలు ఆవిడ చూడలేదు. నిలబడలేక కుర్చీ వీపు పట్టుకుని, బల్ల అంచు ఆసరా చేసుకుంది.

వంటాయన టోపీ తీసి పొయ్యి దగ్గరి నుంచి వచ్చాడు. "రండి మాస్టారుగారూ. రండి మేడం." ఆ రోజు తనిఖీలో అన్నట్టే మేడం అన్నాడు.

లోపలి మెట్ల మీద నుంచి కూతురు దిగింది. చేతుల్లో గుడ్డలో చుట్టిన బాబు. ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నిద్రలేని నలుపు. నాలుగేళ్ళ తర్వాత ఇదే చూసుకోవడం. కూతురు పలకరింపులేమీ లేకుండా నేరుగా వచ్చి, బాబును రెండు చేతులతోనూ తల్లి ముందుకు చాచింది.

"తీసుకో అమ్మా."

ఇన్స్పెక్టరమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. ఒక అడుగు వెనక్కి వేసింది.

కూతురి మొహంలో రంగు మారింది. "నాన్నా, నేను చెప్పాను కదా," అంది.

"అదేంటోయ్! తీసుకో!" మాస్టారు కంగారుపడి తనే చేతులు చాచాడు.

"మీరు ముట్టుకోకండి!" అని అరిచింది ఇన్స్పెక్టరమ్మ. తింటున్నవాళ్ళు తలలెత్తారు.

జలుబు చేసిందంటే సరిపోయేది. జలుబుకు ఎవరూ తప్పు పట్టరు, కూతురు నవ్వి ఊరుకునేది, వచ్చే ఏడాది మళ్ళీ రమ్మనేది. ఆ మాట నాలుక చివరకు వచ్చింది కూడా. కానీ జలుబంటే తలుపు పిడి కడగరు. జలుబంటే ఈ కుర్చీలో సాయంత్రం ఇంకొకరు కూర్చుంటారు, వంటాయన ఇదే బల్ల తుడిచిన చేత్తో పైకి వెళ్ళి బాబును ఎత్తుకుంటాడు.

"పొద్దున్నుంచీ నాకు వాంతులు," అంది. "ఓడలో అడిగితే ఏమీ లేదని సంతకం పెట్టి వచ్చాను. పిల్లాడిని నా దగ్గరికి తేకు."

మాస్టారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మొదట కదిలింది వంటాయన.

"ఎన్నిసార్లయింది మేడం?"

"మూడు."

"చివరిసారి ఎన్నింటికి?"

"పదకొండున్నరకి."

"లోపలికొచ్చాక ఏమేం ముట్టుకున్నారు?"

"తలుపు పిడి. ఈ కుర్చీ. ఆ బల్ల అంచు."

అడగాల్సినవన్నీ అడగాల్సిన వరసలోనే అడిగాడు. కూతురు బాబును గుండెకు అదుముకుని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. వంటాయన తింటున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, క్షమించండి, ఇవాళ మూసేస్తున్నాం, ముందు చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్ళండి అన్నాడు. వాళ్ళు గొణుక్కుంటూ, కడుక్కుంటూ, ఈవిడ వంక అదోలా చూస్తూ ఒక్కొక్కరే బయటపడ్డారు. అలాంటి చూపు ఎలా ఉంటుందో ఆవిడకు ఇన్నాళ్ళూ చూసేవైపు నుంచే తెలుసు.

ఆవిడ పట్టుకున్న కుర్చీనే వంటాయన కాగితంతో పట్టుకుని బయట అరుగు పక్కన వేశాడు. "ఇక్కడ కూర్చోండి మేడం." కాగితం గ్లాసులో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తెచ్చి కింద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు. షట్టరు సగం దించాడు. ఆవిడ ఎండలో కూర్చుని షట్టరు కింద నుంచి చూసింది. చేతులకు తొడుగులు, బకెట్టులో బ్లీచింగు కలిపిన నీళ్ళు. పిడి తుడిచాడు, తుడిచి ఆరనివ్వకుండా పది నిమిషాలు తడిగానే వదిలేశాడు, మళ్ళీ తుడిచాడు. వంక పెడదామన్నా దొరకలేదు. దొరకనందుకే ఆవిడకు ఏడుపు వచ్చింది.

మాస్టారు కాస్త దూరంగా గోడకు చేరబడి, "నేనేం పాపం చేశానే," అని సణుక్కుంటున్నాడు.

పైన కిటికీ తెరుచుకుంది. కూతురు బాబును భుజాన వేసుకుని నిలబడింది. కింద నుంచి చూస్తే కనబడింది ఒక నల్లటి జుట్టు కుచ్చు, ఒక చెవి. అంతే. ఇన్స్పెక్టరమ్మ ఆ చెవిని చూస్తూ ఉండిపోయింది.

"ఊరంతా తిరిగావా ఇలాగే?" అంది కూతురు పై నుంచి.

"తిరిగాను."

"బస్సులో? అందరి మధ్యా?"

"అవునే. కోటలో ఒకావిడ నా వాంతి ఉత్త చేతుల్తో ఎత్తింది. నాది కాదని చెప్పాను. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది."

కూతురు జాలిపడలేదు. "నువ్వు పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా దాచావు. మరి ఆయన ఎంతసేపు దాచాడమ్మా?"

సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేశారు. హోటల్లోంచి లేచిపోయిన ఇద్దరు ఎదురు అరుగు మీద నిలబడి ఇటే చూస్తున్నారు. ఇన్స్పెక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"దాచలేదు," అంది, లోగొంతుకతో.

"ఏంటి? వినపడలేదు."

"దాచలేదే. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే తనే ఎదురొచ్చి చెప్పాడు. నేనే అలా రాశాను. నా కూతుర్ని తీసుకుపోతున్నాడని."

కిటికీలో కూతురు బాబును ఒక భుజం మీద నుంచి రెండో భుజం మీదకు మార్చుకుంది. కళ్ళు తుడుచుకోలేదు.

"నాకెందుకు చెబుతావు? నాకు తెలుసు. కింద ఉన్నాడు, ఆయనకు చెప్పు. గట్టిగా చెప్పు."

ఇన్స్పెక్టరమ్మ కుర్చీ పట్టుకోకుండానే లేచింది. షట్టరు వైపు తిరిగి, తేదీ చెప్పి, వారం చెప్పి, ఆ రోజు ఎన్నింటికి వచ్చిందో చెప్పి, అతను ఏమన్నాడో, తను ఏం రాసిందో సందంతటికీ వినబడేలా చెప్పసాగింది. లోపల గుడ్డ పిండుతున్న చప్పుడు ఆగింది. మాస్టారు వాచీ చూసుకుని, "బస్సు వెళ్ళిపోతుందేమోనోయ్," అన్నాడు మెల్లగా.

"వెళ్ళనివ్వండి," అని, మధ్యలో ఎక్కడ ఆపిందో గుర్తు రాక, ఆవిడ మళ్ళీ తేదీ దగ్గరి నుంచి మొదలుపెట్టింది.